మర్యాదస్తుల గ్రూపు, మస్తాన్ ఆటో

ముప్ఫై మూడేళ్ళకే రిటైరయ్యానంటే మావాళ్ళు నవ్వుతారు. రిటైర్మెంట్ అంటే శాలువా, దండ, గోడ గడియారం ఉండాలి కదా. మా ప్రాజెక్టు మూతపడ్డ రోజున నాకు ఆఫీసు పేరు అచ్చేసిన కాఫీ కప్పు ఒకటి ఇచ్చారు. ఆ వారంలోనే దాని చెవి ఊడిపోయింది. మళ్ళీ ఆ పనిలోకి వెళ్ళే ఉద్దేశం లేదు కాబట్టి నేను దీన్ని రిటైర్మెంట్ అనే అంటాను.

మా పిన్ని కూతురు కీర్తి ఇప్పుడు అలాంటి ఉద్యోగంలోనే చేరబోతోంది. "అక్కా, ఏం చదువుకుని వెళ్ళమంటావ్?" అని అడిగింది. చదవాల్సినవి వాళ్ళే కట్టలు కట్టలుగా ఇస్తారు. ఆ కట్టల్లో ఉండనివి కొన్ని ఉన్నాయి. పాపని పడుకోబెట్టి, తలుపు గడియ ఇంకోసారి చూసుకుని, అవి రాస్తున్నాను. గడియ ఎందుకు చూసుకున్నానో తర్వాత చెప్తాను.

ఫోన్ చూసే ఉద్యోగం

మా ఆఫీసు తెనాలిలో ఒక పురుగుమందుల కొట్టు పై అంతస్తులో ఉండేది. ఇంటర్నెట్‌లో విద్వేషం ఎలా పుడుతుంది, మామూలు మనిషి మెల్లమెల్లగా ఉన్మాదిగా ఎలా మారతాడు, ముందే కనిపెట్టి ఎలా ఆపాలి అన్నది మా పరిశోధన. తెలుగులో వచ్చే పోస్టులు, వీడియోలు, మమ్మల్ని చేర్చుకున్న గ్రూపుల్లో మెసేజీలు రోజంతా చదివి, వాటికి రంగులు వేసేవాళ్ళం. ఎరుపు ప్రమాదం, పసుపు జాగ్రత్త, ఆకుపచ్చ శాంతి. కింద కొట్టులోంచి మందు వాసన పైకి కొడుతూ ఉండేది. పొలంలో పురుగులకి కింద, సమాజంలో పురుగులకి పైన అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మా అత్తయ్యకి ఈ పని అర్థమయ్యేలా చెప్పడానికి చాలా ప్రయత్నించాను.

"అంటే రోజంతా ఫోన్ చూస్తావా?" అంది.

"ఊరికే చూడటం కాదత్తయ్యా, పరిశోధన."

"మా చిన్నాడూ అదే చేస్తున్నాడు. వాడికి జీతం ఇచ్చేవాడే దొరకలేదు పాపం."

మా డైరెక్టర్ గారు మంచి మనిషి. ఇది వెక్కిరింపుగా అనడం లేదు. కష్టపడేవారు, ఎవర్నీ కసిరేవారు కాదు, టీ తెప్పిస్తే ఆఫీసు ఊడ్చే ఆవిడకి కూడా తెప్పించేవారు. ఆయనకున్న లోపం ఒక్కటే. రంగు వేశాక ఇక ఆ విషయం తెలిసిపోయిందని నమ్మేవారు.

మర్యాద మార్కులు

మొదట్లో మాకొక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అందులో ప్రమాదకరమైన మాటల పట్టిక ఉండేది. చంపుతా, నరుకుతా, తోలు తీస్తా, కాళ్ళు విరగ్గొడతా, ఇలాంటివి. ఎవరి మెసేజీలో ఈ మాటలు ఎక్కువుంటే వాళ్ళు ఎర్రబడతారు. తయారుచేసినవాళ్ళు చాలా చదువుకున్నవాళ్ళే, కానీ మా వైపు ఇంట్లో పిల్లల్ని స్కూలుకి తయారుచేయడం ఎప్పుడూ చూసుండరు. మొదటి నెల నివేదిక ప్రకారం తెనాలిలో అత్యంత ప్రమాదకరమైన వర్గం స్కూలు పిల్లల తల్లులు. అదీ పొద్దున టిఫిన్ వేళ.

డైరెక్టర్ గారు కంగారుపడి ఒక సవరణ కనిపెట్టారు. మర్యాదగా మాట్లాడితే ప్రమాదం మార్కులు తగ్గించాలి. గారు అంటే కొన్ని తగ్గుతాయి. అండి అంటే ఇంకొన్ని. నమస్కారం బొమ్మ పెడితే మరికొన్ని. దీనికి ఆయన మర్యాద మార్కులు అని పేరు పెట్టారు. పై ఆఫీసువాళ్ళకి తెగ నచ్చింది. స్థానిక సంస్కృతిని పరిగణనలోకి తీసుకున్నందుకు మెచ్చుకుంటూ మెయిల్ కూడా పెట్టారు.

ఈ కొత్త లెక్కలో మొదట ఎర్రబడ్డది రేపల్లెలో ఒక గ్రూపు. గారు, అండి మచ్చుకైనా లేవు. "ఆదివారం బాపట్ల వాళ్ళ ఎముకలు ఏరుకోవాలి." "ఒక్కడు కూడా నిలబడి వెళ్ళకూడదు." "నీ మోకాలు బాగుంటే నువ్వూ రారా, లేదంటే చచ్చినట్టు ఇంట్లో ఉండు." డైరెక్టర్ గారు కారు మాట్లాడారు. దారిలో నీళ్ళు కూడా తాగలేదు. రేపల్లెలో దిగి వాకబు చేస్తే అది రిటైరైన ఉద్యోగుల షటిల్ క్లబ్బు. ఎముకలు విరగ్గొట్టాల్సిన వీరులంతా మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి చాలా సంతోషించారు. ఎవరో పెద్దాఫీసరు వచ్చారనుకుని, ఆదివారం బహుమతులు మీరే ఇవ్వాలని డైరెక్టర్ గారి దగ్గర పట్టుపట్టారు. ఆయన వెళ్ళి ఇచ్చారు కూడా. బాపట్ల వాళ్ళే గెలిచారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేనన్నాను, "సార్, నోరు చెడ్డవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కాదు."

"కరెక్టే అమ్మా. నోట్ చేసుకో."

నోట్ చేసుకున్నాను. నోరు మంచివాళ్ళ సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

బాపట్లలో ఒక ప్రశ్న

మా పనిలో నివారణ అంటే కాలేజీల్లో మీటింగులు. విద్వేషం యువతలోనే పుడుతుందని, యువత కాలేజీల్లోనే ఉంటారని, సమోసా పెడితే హాల్లోకి వస్తారని మాకు సిద్ధాంతం. బాపట్లలో ఒక కాలేజీలో డైరెక్టర్ గారు గంటసేపు స్లైడ్లు వేసి మాట్లాడారు. ఉన్మాదం నిచ్చెన లాంటిదని, మొదటి మెట్టు భయం అని, రెండోది 'మనం వేరు, వాళ్ళు వేరు' అనుకోవడం అని, చాలా బాగా చెప్పారు. చివర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అంటే వెనక వరసలో ఒకమ్మాయి లేచింది.

"సార్, మీరు చెప్పిన మెట్లన్నీ మా నాన్న ఎక్కేశారు సార్. రోజూ పొద్దున్నే వీడియోలు పంపుతారు. ఎవరింట్లో తినకూడదో, ఎవరి కొట్టులో కొనకూడదో. నేను ఎవరికి చెప్పాలి సార్?"

హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మీ నాన్నగారి వయసెంతమ్మా?"

"యాభై రెండు సార్."

"ఇది యువత కార్యక్రమం అమ్మా," అన్నారు డైరెక్టర్ గారు మెత్తగా. ఆ అమ్మాయికి కూడా సర్టిఫికెట్ ఇచ్చాం.

కీర్తీ, నేను చూసినంతలో చెప్తున్నాను. పిల్లలకి పరీక్షలుంటాయి, క్రికెట్ ఉంటుంది, ప్రేమలుంటాయి, ఉన్మాదానికి తీరిక తక్కువ. తీరికున్నవాళ్ళు మన ఇళ్ళలో వాలుకుర్చీల్లో ఉంటారు, వంటిళ్ళలో కుక్కర్ కూత కోసం ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్ళ దగ్గరికి సమోసాలు పట్టుకెళ్ళడానికి బడ్జెట్‌లో పద్దు లేదు.

మా వీధి

ఇక అసలు సంగతి. మా వీధి పిల్లలు మస్తాన్ ఆటోలో స్కూలుకి వెళ్ళేవారు. మస్తాన్‌ది తెనాలి పక్కనే ఉన్న అంగలకుదురు. యాభై దాటిన మనిషి. పొద్దున వచ్చి హారన్ కొట్టడు, పిల్లల పేర్లు పెట్టి పిలుస్తాడు. అవీ అసలు పేర్లు కావు. మా పాప గ్రేసీని 'బిస్కెట్టు' అంటాడు. చిన్నపిల్లల్ని చంకల కింద చేతులు వేసి ఎత్తి, గాల్లో ఒకసారి ఊపి సీట్లో కూర్చోబెడతాడు. ఆ ఊపు కోసమే మా పాప స్కూలుకి ఏడవకుండా వెళ్ళేది. నాకు ఆ ఆటో అంత ముఖ్యం. అది కనిపించినంతసేపూ గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగాక లోపలికొచ్చి, స్కూలు చేరేదాకా గడియారం చూసే రకం తల్లిని నేను.

వీధిలో తల్లులందరికీ 'మన పిల్లలు మన బాధ్యత' అని ఒక గ్రూపు ఉంది. నడిపేది లలిత గారు. బీకాం చదివారు, ఎవరికి జ్వరమొచ్చినా మొదట కషాయం పట్టుకొచ్చేది ఆవిడే. గ్రూపులో హోంవర్కులు, పేలమందులు, ఇడ్లీ పిండి పులియకపోతే ఏం చేయాలి, ఇవీ కబుర్లు.

ఒకరోజు ఆవిడ వీడియోలు పంపడం మొదలుపెట్టారు. కనకాంబరాలు పెట్టుకున్న ఒకావిడ చాలా నెమ్మదిగా మాట్లాడుతోంది. "అమ్మలందరికీ నమస్కారం. నేను భయపెట్టడానికి రాలేదమ్మా. ఒక అక్కగా జాగ్రత్త చెబుతున్నాను." మొదటి వీడియో పిల్లలకి పెట్టే చిరుతిళ్ళ గురించి. తర్వాతది పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ గురించి. ఆ తర్వాతది, మీ పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళే మనిషి ఎవరో మీకు తెలుసా అని. ఆఖరిది, ఎలాంటి పేర్లున్నవాళ్ళ బండి ఎక్కించకూడదో అని. ఒక్క కటువైన మాట లేదు. తోలు తీయడం లేదు, కాళ్ళు విరగ్గొట్టడం లేదు.

అందులో రెండోది చూసిన రాత్రి నేను లేచి తలుపు గడియ చూసుకున్నాను. భయం ఎలా పనిచేస్తుందో నివేదిక రాసి సంతకం పెట్టినదాన్ని, రెండో వీడియోకే లేచాను. అప్పట్నుంచి ఆ అలవాటు పోలేదు. అందులో చెప్పిన సంఘటనేదీ ఎక్కడా జరగలేదని నాకు తెలుసు, నేనే ఆఫీసులో తనిఖీ చేశాను. అయినా గడియ చూస్తాను.

వారం తిరక్కుండా గ్రూపులో చర్చ మొదలైంది.

"మస్తాన్ మంచివాడేనండి. కానీ మన జాగ్రత్తలో మనం ఉండాలి కదండి."

"అవునండి. నేనూ అదే అనుకుంటున్నానండి. పిల్లల్ని ఎత్తుకుని ఎక్కిస్తాడు చూడండి, అదొక్కటీ నాకు నచ్చదండి."

"అతన్ని ఏమీ అనొద్దండి పాపం. మానిపించేద్దాం, అంతే."

నేను వృత్తి ధర్మంగా పెద్ద జవాబు రాశాను. పిల్లల్ని ఎత్తుకుపోయే వీడియోలో బొమ్మ ఏ దేశానిదో, ఎన్నేళ్ళ కిందటిదో, లింకులతో సహా పెట్టాను. ఒకరు నమస్కారం బొమ్మ పెట్టారు. ఇంకొకరు ఇడ్లీ పిండి గురించి అడిగారు. లలిత గారు మాత్రం విడిగా రాశారు. "మీ ఉద్యోగం కాబట్టి మీరలా చెప్పాలి కదండి గ్రేసీ వాళ్ళమ్మ గారూ. తప్పుగా అనుకోను."

ఆ రోజే కనకాంబరాలావిడ కొత్త వీడియో వచ్చింది. ఈసారి ప్రార్థనలకని ఇళ్ళకి వచ్చేవాళ్ళ గురించి. మేం లూథరన్లం, ఆదివారం చర్చికి వెళ్తామని వీధంతా తెలుసు. నేనేమీ అనకముందే లలిత గారి మెసేజీ వచ్చింది. "మీ గురించి కాదండి. మీరు వేరు."

మస్తాన్ కూడా నిరుడు దాకా వేరేనేమో.

ఆకుపచ్చ

ఇది మనం చూడాల్సిన కేసని ఆ గ్రూపు సంగతి డైరెక్టర్ గారి ముందు పెట్టాను. పేర్లు తీసేసి మెసేజీలు చూపించాను. ఆయన శ్రద్ధగా చదివారు. సాఫ్ట్‌వేర్‌లో వేయించారు. ఆకుపచ్చ వచ్చింది. మామూలు ఆకుపచ్చ కాదు, మా ప్రాజెక్టు చరిత్రలో అంత చిక్కటి ఆకుపచ్చ రాలేదు.

"చూడమ్మా, ఎంత సంస్కారంగా మాట్లాడుకుంటున్నారో," అన్నారు.

"సార్, ఒక మనిషి బతుకుతెరువు పోగొడుతున్నారు సార్."

"పోగొడదాం అని ఎక్కడన్నారు? ఏమీ అనొద్దు పాపం అనే అన్నారుగా." మళ్ళీ చదివారు. "పైగా మన పరిశోధన ఇప్పుడు పద్ధెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ళ యువత మీదే. తల్లులు రారు. కానీ ఇది వదలకూడదమ్మా. సామరస్య సంభాషణకి ఉదాహరణగా నివేదిక అనుబంధంలో పెడదాం."

పెట్టారు. అచ్చయింది కూడా. ఆ పుస్తకం ఇప్పుడు ఏ లైబ్రరీలోనైనా ఉంటే, శాంతియుతంగా మాట్లాడటం ఎలాగో పిల్లలు మా వీధిని చూసి నేర్చుకుంటూ ఉంటారు.

ఎవరూ ఏమీ అనలేదు

మస్తాన్‌ని ఎవరూ మానేయమనలేదు. ఒకరి తర్వాత ఒకరు చక్కగా చెప్పారు. మా ఆయన ఆఫీసు ఆ వైపేనండి, ఆయనే దింపుతారట. బాబుకి నడక మంచిదని డాక్టరు గారన్నారండి. మా తమ్ముడు వచ్చాడు, కొన్నాళ్ళు వాడు చూసుకుంటాడు. నవ్వుతూనే చెప్పారు. ఒకావిడ ఆ నెల డబ్బులు పూర్తిగా ఇచ్చి, పైన మామిడికాయ పచ్చడి కూడా పెట్టి పంపింది.

ఆఖరికి ఆటోలో మా గ్రేసీ ఒక్కతే మిగిలింది.

"ఒక్క పాపతో గ్యాసు ఖర్చు కూడా రాదమ్మా," అన్నాడు మస్తాన్. "అయినా తీసుకెళ్తాలే. బిస్కెట్టు ఏడుస్తుంది." కాసేపు హ్యాండిల్ తుడిచాడు. "నేనేమన్నా తప్పు చేశానామ్మా?"

"లేదు మస్తాన్ గారూ."

"మరి లలితమ్మ గారి చిన్నోడు మొన్న ఎత్తుకుంటుంటే అడిగాడమ్మా, నన్ను సంచిలో వేసుకుని తీసుకుపోతావా అంకుల్ అని. ఎవరన్నార్రా అంటే, అమ్మ ఫోన్‌లో అక్క చెప్పింది అన్నాడు."

ఉన్మాద నివారణలో నాకు డిప్లొమా ఉంది. ఆ పిల్లాడి ప్రశ్న మా పరీక్షలో రాలేదు. నెలంతా ఒక్క పాపనే తీసుకెళ్ళమనడానికి నోరు రాలేదు. వారం చివరికి అతనే మార్కెట్ దగ్గర కూరగాయల మూటలు వేసుకోవడం మొదలుపెట్టాడు. మా పాపని నేను స్కూటీ మీద దింపడం మొదలుపెట్టాను. రోజూ ఏడ్చింది.

మన అనుకున్నవాడు

ఒక ఉద్యమం ఇంత తొందరగా నీరసిస్తుందని మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. తండ్రులు పిల్లల్ని దింపడం మొదలుపెట్టారు. తండ్రులకి పిల్లల సాక్సులు ఎక్కడుంటాయో తెలీదు. స్కూలు గేటు దగ్గర బండ్లు అడ్డం పెట్టుకుని ఒకర్నొకరు తిట్టుకున్నారు. ఆ తిట్లు మా సాఫ్ట్‌వేర్ వింటే రక్తం కక్కుకునేది. వాన పడ్డ రోజు సగం మంది పిల్లలు బడి మానేశారు.

అప్పుడు లలిత గారు కొత్త ఆటో కుదిర్చారు. కుర్రాడు, మనవాడేనండి అని గ్రూపులో పెట్టారు. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆ మనవాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తన సీటుకి అటొకణ్ణి ఇటొకణ్ణి కూర్చోబెట్టుకుని, కాలవ వంతెన మీద ఎగరేసుకుంటూ పోయేవాడు. నేను మాత్రం గ్రేసీని ఎక్కించలేదు.

లలిత గారి అత్తగారు సీతారావమ్మ గారికి ఇవన్నీ అరుగు మీద కూర్చుని చూస్తుంటే ఒళ్ళు మండేది. ఒకరోజు వీధిలో అందరూ ఉండగానే కోడల్ని అడిగింది.

"ఏమే, మస్తాన్ అన్న పేరుంటే బండి ఎక్కించకూడదటగా?"

"నెమ్మదిగా అత్తయ్యా."

"నెమ్మదేంటి. మీ ఆయన పేరేంటి?"

లలిత గారి ఆయన పేరు మస్తాన్ రావు. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈ పిల్లాడు బతికితే నీ పేరే పెట్టుకుంటానని మస్తాన్ బాబా దర్గాలో మొక్కుకుని కన్నదట సీతారావమ్మ గారు. మా వైపు ఇది కొత్తేం కాదు, మస్తాన్ రావులూ మస్తానమ్మలూ ప్రతి వీధిలో ఉంటారు. ప్రతి వీధిలోనూ ఆ వీడియోలూ తిరుగుతుంటాయి.

"రాత్రికి వాడొస్తే తలుపు తియ్యబోకు," అంది ముసలావిడ. "జాగ్రత్త చెబుతున్నాను. అత్తగా."

అందరూ నవ్వారు. లలిత గారు కూడా కొంచెం నవ్వారు. ఇది కథ అయితే ఇక్కడ వీధంతా మారిపోవాలి. సాయంత్రానికి ఆవిడ ఇంకో వీడియో పంపారు.

మార్చింది మాట కాదు, పన్ను. ఆ కుర్రాడు వంతెన దిగేచోట సడన్ బ్రేకు వేస్తే, ముందు కూర్చున్న లలిత గారి చిన్నోడు హ్యాండిల్‌కి కొట్టుకుని ముందు పన్ను సగం విరిగింది. ఆ రాత్రి గ్రూపులో ఉన్నట్టుండి అందరికీ జ్ఞాపకశక్తి వచ్చింది.

"మస్తాన్ ఎంత నిదానంగా నడిపేవాడండి."

"ముందు సీట్లో ఒక్కణ్ణీ కూర్చోనిచ్చేవాడు కాదండి."

"అసలతన్ని ఎవరు మాన్పించారండి?"

ఎవరు మాన్పించారో గ్రూపులో ఎవరికీ తెలియదు. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. మా ఆయన బండి రిపేరులో ఉందండి, కొన్నాళ్ళు వస్తారా అని ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ అంత మర్యాదగానే మస్తాన్‌కి కబురంపారు.

ఆఫీసులో చెప్తే డైరెక్టర్ గారు నిజంగా సంతోషించారు. "చూశావా అమ్మా, సమాజం తనంతట తానే సర్దుకుంటుంది." ఆఖరి నివేదికలో అది విజయగాథ అయింది. నిధులైపోయి, ప్రాజెక్టు కూడా ఆ నెలలోనే ముగిసింది. కప్పు ఇచ్చారు.

చేతులు

మస్తాన్ వచ్చాడు. కూరగాయల మూటల కన్నా పిల్లలే నయం అన్నాడు. నిజంగా అన్నాడో, నేను నమ్మడం కోసం అన్నాడో తెలీదు.

మొదటి రోజు పొద్దున ఆటో ఆగగానే గ్రేసీ పరుగెత్తుకెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. మస్తాన్ దిగి పక్కకి జరిగాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఎక్కించు అంకుల్."

"అమ్మ ఎక్కిస్తుందమ్మా."

పాపని గ్రేసీ అనే పిలిచాడు. బిస్కెట్టు అనలేదు. నేను ఎత్తి కూర్చోబెట్టాను. తర్వాతి గుమ్మంలో లలిత గారి చిన్నోడు, విరిగిన పన్నుతో నవ్వుతూ, వాడూ చేతులెత్తాడు. మస్తాన్ అలాగే నిలబడ్డాడు. లలిత గారు అతని వైపు చూడకుండా వచ్చి, పిల్లాణ్ణి ఎక్కించి వెళ్ళారు.

నాలుగు రోజులాగి నేనే అన్నాను. "మస్తాన్ గారూ, మా పాపని మీరే ఎక్కించండి. ఎప్పట్లాగే."

"వద్దులే అమ్మా. మీరు మంచివారే. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీస్తే?"

కీర్తీ, నువ్వు చేరబోయే చోట కూడా రంగులుంటాయి, పట్టికలుంటాయి, కేసు ముగిసిందని టిక్కు పెట్టే గడి ఉంటుంది. టిక్కు పెట్టే ముందు ఒకసారి పొద్దున్నే ఆ వీధికి వెళ్ళి చూసి రా. మా వీధిలో ఇప్పుడు అంతా ఆకుపచ్చే. ఆటో వస్తుంది, అందరూ నమస్కారం అంటారు, అతనూ అంటాడు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. తల్లులం వరసగా వెళ్ళి ఎవరి పిల్లల్ని వాళ్ళం ఎక్కిస్తాం. మా పాప ఈ మధ్య బాగా బరువెక్కింది. చేతులెత్తడం మాత్రం ఇంకా మానలేదు, అతని వైపే ఎత్తుతుంది.